కోనసీమ బోరు నీళ్లలో చేపల తొట్టె మొక్కలు నిలవాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమలాపురం దగ్గర ఊరు. మూడడుగుల తొట్టె (36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు). ఇంటి బోరు నీళ్లు, టీడీఎస్ మీటర్లో 1200 చూపిస్తోంది. అడుగున అంగుళం మందం రంగురాళ్లు. తెలుపు, నీలం కలిసిన ఎల్ఈడీ లైటు రోజుకి 11 గంటలు. గప్పీలు, మోలీలు, ఒక సక్కర్ చేప. అమెజాన్ స్వోర్డ్, జావా ఫెర్న్, కబోంబా, పేరు తెలియని ఊదారంగు ఆకుల మొక్క వేశారు. మూడు వారాల్లో కబోంబా కరిగిపోయింది, స్వోర్డ్ ఆకులు పల్చబడి చిల్లులు పడ్డాయి, జావా ఫెర్న్ మొదలు నల్లబడింది, మిగిలిన ఆకుల అంచులకి నల్ల కుచ్చు పట్టింది. సీసా ఎరువు పోస్తే నాచు ఇంకా పెరిగింది. ఇప్పుడు సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ కొనాలా అని అడిగారు.

వద్దండి. మీ తొట్టెకి సిలిండర్ అక్కర్లేదు. మన డెల్టాలో మొక్కల తొట్టె చెడిపోయేది చాలావరకు రెండింటి వల్లే: నీళ్లు, వేడి. షాపువాళ్లు అమ్మేవి మాత్రం లైట్లు, ఎరువులు, సిలిండర్లు. ముందు నీళ్ల సంగతి తేల్చాలి, ఆ తర్వాత లైటు తగ్గించాలి. ఎరువు మాట ఆ రెండూ అయ్యాకే. ఈ వరస తప్పితే పోసిన ప్రతి చుక్కా నాచుకే పోతుంది.

నీళ్లతో మొదలుపెడదాం. టీడీఎస్ 1200 అంటే నీళ్లలో లవణాలు ఎక్కువున్నాయని తెలుస్తుంది గానీ అవి ఏ లవణాలో తెలియదు. సముద్రం వైపు ఊళ్లలో బోర్లలో ఉప్పే ఎక్కువ ఉండొచ్చు. కొంచెం పైకి వస్తే కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు ఎక్కువ ఉండొచ్చు. రెండింటికీ మీటర్లో ఒకటే అంకె వస్తుంది, మొక్కకి మాత్రం రెండూ ఒకటి కావు. ఇక్కడ మనకో సౌకర్యం ఉంది, వేరే ఊళ్లవాళ్లకి ఉండదు. రొయ్యల చెరువులు ఉన్నచోట నీటి పరీక్ష చేసే ల్యాబులుంటాయి. లీటరు సీసా శుభ్రంగా కడిగి, బోరు పది నిమిషాలు నడిచాక పట్టి తీసుకెళ్లండి. సెలినిటీ (ఉప్పదనం), పీహెచ్, ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బొనేట్ల లెక్క), టోటల్ హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం కలిపిన గట్టిదనం), కాల్షియం, మెగ్నీషియం, ఐరన్ అడగండి. రిపోర్టు పీపీఎంలలో, అంటే లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తారు. అక్వేరియం పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే డిగ్రీల్లోకి మార్చాలంటే ఆల్కలినిటీ అంకెనీ హార్డ్‌నెస్ అంకెనీ 17.9తో భాగించండి. ఆల్కలినిటీ 180 ఉంటే అది సుమారు 10 డిగ్రీల కేహెచ్ (డిగ్రీల్లో ఆల్కలినిటీ) అన్నమాట.

తొట్టెలో మనకి కావలసింది ఆల్కలినిటీ 50 నుంచి 150, హార్డ్‌నెస్ 70 నుంచి 200, టీడీఎస్ 400 లోపు. సెలినిటీ 1 పీపీటీ (లీటరుకి గ్రాము) దాటితే మొక్కల ఎంపిక బాగా తగ్గిపోతుంది. 2 దాటితే కాండం మొక్కలు చాలావరకు మర్చిపోవచ్చు.

ఆల్కలినిటీ ఎక్కువై పీహెచ్ 8 దాటిన నీళ్లలో కార్బన్ అంతా బైకార్బొనేట్ రూపంలోనే ఉండిపోతుంది, కరిగిన కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఉండదు. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ లాంటివి ఆ బైకార్బొనేట్‌ని కూడా వాడుకోగలవు. కబోంబాకి ఆ శక్తి లేదు, కరిగిన వాయువే కావాలి. పైగా దానికి మెత్తటి నీళ్లు, చల్లదనం, మంచి వెలుతురు కావాలి. మీ బోరు నీళ్లలో అది బతకలేదంటే అందులో మీ పొరపాటు ఏమీ లేదు, ఎవరు వేసినా అంతే. మళ్లీ కొనొద్దు.

నీళ్లు సరిచేయడానికి సులువైన దారి ఆర్ఓ క్యాన్. ఊరూరా ప్లాంట్లున్నాయి, 20 లీటర్ల క్యాన్ దొరకని ఊరు లేదు. ఆర్ఓ నీళ్లు టీడీఎస్ 50 ఉన్నాయనుకుంటే, మూడు వంతుల ఆర్ఓకి ఒక వంతు బోరు కలిపితే 340 దగ్గరికి వస్తుంది. మీ తొట్టెలో ఇసుక పోను నికరంగా 120 లీటర్ల నీళ్లు పడతాయి. వారానికి ఒక క్యాన్ ఆర్ఓ, దాంట్లోకి ఏడు లీటర్ల బోరు నీళ్లు కలిపితే 27 లీటర్లు. అదే మీ వారం మార్పిడి, లెక్క సరిపోతుంది. వారం మార్పిడికి ఉత్త ఆర్ఓ నీళ్లు మాత్రం పోయొద్దు. అందులో కాల్షియం, మెగ్నీషియం ఉండవు, ఆల్కలినిటీ లేక పీహెచ్ నిలవదు, కొత్త ఆకులు వంకర తిరుగుతాయి. ఇంట్లో ఆర్ఓ మెషిన్ బయటికి వదిలేసే గొట్టం నీళ్లు అసలే పనికిరావు, తీసేసిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి. వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించుకున్న ఇళ్లవాళ్లు కూడా ఆ నీళ్లు పట్టకండి. అది కాల్షియం తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది, మీటర్లో అంకె తగ్గదు.

ఇప్పుడున్న నీళ్లని ఒకేసారి మార్చేయకండి. 1200లో ఉన్న చేపల్ని ఒక్కరోజులో 340లోకి దింపితే గప్పీలు తట్టుకోలేవు. ఈ కలిపిన నీళ్లతోనే రోజు విడిచి రోజు 20 లీటర్ల చొప్పున రెండు మూడు వారాలు మార్చండి. మోలీలకి అసలు గట్టి నీళ్లే ఇష్టం కాబట్టి వాటి కోసం 400 దాకా ఉంచినా ఫర్వాలేదు.

పంచాయతీ కుళాయి కాలువ నీళ్లదైతే అది ఇంకా మేలు. ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి నీళ్లు బోరు నీళ్లతో పోలిస్తే మెత్తనివి, చాలా మొక్కలకి అలాగే పనికొస్తాయి. రెండు కాలాల్లో మాత్రం జాగ్రత్త. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేసినప్పుడు ఊరి మంచినీళ్ల చెరువులో నిలవున్న నీళ్లే వస్తాయి. పచ్చబడతాయి, వాసన వస్తాయి, బ్లీచింగ్ ఎక్కువ కలుపుతారు. వర్షాకాలంలో ఎర్రనీరు దిగినప్పుడు పటిక వేసి తేరుస్తారు. పటిక ఆల్కలినిటీని తినేస్తుంది, పీహెచ్ కొంత దిగుతుంది. ఆ రోజుల్లో బకెట్‌లో ఒక రాత్రి ఉంచి, పైతేట మాత్రమే వాడండి. బ్లీచింగ్ వాసన ఉంటే ఎయిర్ పంపు గొట్టం వేసి 24 గంటలు బుడగలు రానివ్వండి, క్లోరిన్ పోతుంది. తొందరైతే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ గింజలు, 20 లీటర్లకి 0.3 గ్రాము వేస్తే 2 పీపీఎం క్లోరిన్‌ని తీసేస్తుంది.

కొన్ని బోర్లలో నీళ్లు పట్టినప్పుడు తేటగానే ఉండి గంటలో ఎర్రబడతాయి. అది ఇనుము. ఇనుము ఉందిగా, మొక్కలకి మంచిదేగా అనిపిస్తుంది. కానీ గాలి తగిలి తుప్పుగా మారిన ఇనుము మొక్కకి అందదు, ఆకుల మీద పొరలా పేరుకుంటుంది. ముందురోజే పట్టి, గాలి ఆడించి, తేరాక పైనుంచి తీసుకోండి.

ఇక లైటు. మీ నాచుకి పెద్ద కారణం ఆ 11 గంటలు. సీఓ2 లేని తొట్టెలో లైటు ఎక్కువసేపు ఉంటే కార్బన్ అయిపోయాక మొక్క ఆగిపోతుంది, నాచు ఆగదు. ఇవాళ్టి నుంచే 6 గంటలకి తగ్గించండి. నాచు తగ్గుముఖం పట్టి కొత్త ఆకులు వస్తుంటే నెల తర్వాత 7 చేయండి. అంతకు మించి వద్దు. చేత్తో వేయడం తీయడం పెట్టుకోవద్దు, ప్లగ్గులో పెట్టే టైమర్ ఒకటి కొనండి. వేసవిలో సాయంత్రం 5 నుంచి 11 దాకా పెట్టుకుంటే మధ్యాహ్నం వేడికి లైటు వేడి తోడవదు, మీరు ఇంట్లో ఉండి చూసే సమయమూ అదే.

ఆ నీలం బల్బులు చేపల రంగు కొట్టొచ్చినట్టు కనిపించడానికే తప్ప మొక్కల కోసం కాదు. మామూలు ఎలక్ట్రికల్ షాపులో దొరికే రెండడుగుల 10 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, 6500 కెల్విన్ కూల్ డేలైట్‌వి, చాలు. రెండూ కలిపి దాదాపు 2000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) వస్తాయి, అంటే మీ నీళ్లకి లీటరుకి 16, 17. తేలిక మొక్కలకి 15 నుంచి 20 సరిపోతుంది. 40 దాటించారంటే సిలిండర్ లేకుండా నెట్టుకురాలేరు. తొట్టె మీద కిటికీ ఎండ పడుతుంటే ఈ లెక్కలేవీ పనిచేయవు. తొట్టె జరపండి, లేదా తెర వేయండి.

రంగురాళ్లు తీసేయండి. అంగుళం మందంలో వేరు నిలబడదు, సందుల్లో మేత పడి కుళ్లుతుంది. మన చేతికందే మంచి వస్తువు గోదావరి ఇసుక. మేస్త్రీలు జల్లెడ పట్టాక మిగిలే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల రవ్వ ఇసుక కావాలి, ప్లాస్టరింగ్‌కి వాడే సన్నది వద్దు. సన్నది బిగిసిపోతుంది. సముద్రపు ఒడ్డు ఇసుక అసలు వద్దు, అందులో ఉప్పూ ఉంటుంది, గుల్లల పొడీ ఉంటుంది. అనుమానంగా ఉంటే గుప్పెడు ఇసుక మీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తే గుల్ల ఉన్నట్టే, అది మీ నీళ్లని ఇంకా గట్టిపరుస్తుంది. తొట్టెలో అలంకారానికి పెట్టిన శంఖాలు, పాలరాయి ముక్కలు కూడా అదే పని చేస్తాయి. మీ తొట్టె అడుగుకి సగటున రెండున్నర అంగుళాల మందం పరవాలంటే 22 లీటర్ల ఇసుక, అంటే సుమారు 35 కిలోలు పడుతుంది. బకెట్‌లో కొంచెం కొంచెంగా వేసి, చేయి పెట్టి కలుపుతూ, పైకి తేలిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పది పన్నెండు సార్లయినా విసుక్కోవద్దు. ముందువైపు రెండంగుళాలు, వెనకవైపు మూడు ఉండేలా వాలుగా పరవండి.

ఇసుక కింద మట్టి వేయాలా అని చాలామంది అడుగుతారు. వేస్తే సీసా ఎరువుల గొడవ ఏడాది పాటు తగ్గుతుంది. కానీ వరిచేలోదీ, అరటితోటలోదీ వేయకూడదు. యూరియా, డీఏపీ, పురుగుమందు అందులోనే ఉంటాయి. సాగు చేయని లంక మట్టి దొరికితే బాగుంటుంది. దాన్ని తడిపి, వేళ్లూ చెత్తా తీసి, ఎండబెట్టి, మళ్లీ తడిపి, ఇలా నాలుగుసార్లు చేయాలి. అలా చేస్తే పచ్చి సేంద్రియం కొంత ముందే కుళ్లిపోతుంది. అంగుళం మట్టి, దాని మీద అంగుళంన్నర ఇసుక. ఆ పైన కూడా మొదటి నెల అమ్మోనియా వస్తుంది కాబట్టి చేపలు వేయకూడదు. మీకు ఇప్పటికే చేపలున్నాయి, కాబట్టి మీకు ఉత్త ఇసుకే నయం. స్వోర్డ్ లాంటి వేరు మొక్కల మొదట్లో మాత్రం అక్వేరియం రూట్ ట్యాబ్లెట్ రెండంగుళాల లోతున గుచ్చండి, రెండు మూడు నెలలకోసారి. ఇసుకలో అక్కడక్కడ నల్లగా మారి గుడ్డువాసన వస్తే ఇసుక బిగిసినట్టు. పుల్లతో వారానికోసారి మెల్లగా గుచ్చండి, ఒకేసారి కెలకొద్దు. పొడుగ్గా మొనదేలిన చిన్న నత్తలు తొట్టెలో ఉంటే ఆ పని అవే చేస్తాయి, వాటిని ఏరి పారేయకండి.

ఇప్పుడు మీ మొక్కలు ఒక్కొక్కటీ.

ఊదారంగు ఆకులది మీరు పంపిన వర్ణన బట్టి హెమిగ్రాఫిస్. అది నీటి మొక్కే కాదు. కుండీలో పెంచుకునేది. నెలా రెండు నెలలు నీళ్లలో నిలబడి తర్వాత కుళ్లి మొత్తం నీళ్లు పాడుచేస్తుంది. ఇలా షాపుల్లో నీటి మొక్కలని అమ్మేవాటిలో లక్కీ బాంబూ, మాండో గ్రాస్, స్పైడర్ ప్లాంట్, అగ్లోనెమా కూడా ఉంటాయి. గుర్తుపట్టడం తేలిక: నీళ్లలోంచి బయటికి తీసి పట్టుకుంటే కాండం నిటారుగా నిలబడితే అనుమానించండి. నిజంగా నీళ్లలో పెరిగిన మొక్క చేతిలో వాలిపోతుంది. మీ ఊదారంగు మొక్కని తీసి కుండీలో పెట్టేయండి, బతుకుతుంది. కడియం నర్సరీల్లో ఇవన్నీ కుండీ మొక్కలుగానే దొరుకుతాయి, అక్కడే వాటి ధర ఎంతో చూడండి.

అమెజాన్ స్వోర్డ్ ఆకులు పోవడం వేరే సంగతి. నర్సరీల్లో దాన్ని వేళ్లు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. నీళ్లలో ముంచగానే గాలిలో పుట్టిన ఆకులు పోతాయి, నీళ్లకి తగ్గ ఆకులు కొత్తగా పుడతాయి. అందుకని పాత ఆకుల్ని చూసి భయపడకండి, నడిమధ్య మొగ్గ చూడండి. అక్కడ చిటికెన వేలంత లేత ఆకు పైకి వస్తుంటే మొక్క బాగానే ఉంది. చెడిపోయిన ఆకుని మొదలుకంటా కత్తిరించండి, సగంలో కాదు. నాటేటప్పుడు వేళ్లు రెండంగుళాలకి కత్తిరించి, మొదలు, అంటే ఆకులు పుట్టే తెల్లటి చోటు, ఇసుక పైన కనిపించేలా నాటాలి. అది కప్పబడితే కుళ్లుతుంది. ఇక పాత ఆకుల మీద సూది గుచ్చినట్టు చిల్లులు, వాటి చుట్టూ పసుపు ఉంటే అది పొటాషియం లోపం. ఆకు పైపొర గీకినట్టు, ఈనెలు మాత్రం మిగిలి ఉంటే అది మీ సక్కర్ చేప పని.

జావా ఫెర్న్ మొదలు నల్లబడిందంటే దాన్ని రాళ్లలో పాతిపెట్టారన్నమాట. దాని అడ్డకాండం ఎప్పుడూ నీళ్లలోనే ఉండాలి, పాతకూడదు. నల్లబడి మెత్తబడిన ముక్క కోసేసి, పచ్చగా గట్టిగా ఉన్నదాన్ని రాయికి దారంతో కట్టండి. ఫెవిక్విక్ చుక్క కూడా పనిచేస్తుంది: రాయి తుడిచి, కాండం అడుగున చుక్క పెట్టి, అర నిమిషం నొక్కి, నీళ్లలో దించండి. గట్టిపడ్డాక చేపలకి హాని లేదు. అనుబియాస్‌కి కూడా ఇదే పద్ధతి. జావా ఫెర్న్ ఆకు అడుగున వరసగా కనిపించే గోధుమరంగు చుక్కల్ని మాత్రం రోగమనుకోకండి, అవి మామూలే.

ఇకమీదట ఏం వేయాలి? మన వేడినీ, ఓ మోస్తరు గట్టి నీళ్లనీ ఓర్చుకునేవి వేయండి. వెనకవైపు వాలిస్నేరియా, హైగ్రోఫిలా పాలీస్పెర్మా, లిమ్నోఫిలా. మధ్యలో స్వోర్డ్, క్రిప్టోకొరైన్ వెండ్టీ, బకోపా. రాళ్ల మీద అనుబియాస్, జావా ఫెర్న్. మొదటి రెండు నెలలు వేగంగా పెరిగేవి సగానికి పైగా ఉండాలి, లేకపోతే నాచుకి పోటీ ఉండదు. హార్న్‌వర్ట్ గుప్పెడు పైన తేలేస్తే చాలా పని చేస్తుంది, సూదుల్లాంటి ఆకులు రాల్చి చిరాకు పెడుతుంది గానీ. క్రిప్టోకొరైన్‌ని నాటాక కదపకండి. నీళ్లు మారినా చోటు మారినా వారంలో ఆకులన్నీ కరిగి జావగారుతుంది. వేరు బతికే ఉంటుంది, పీకేయకుండా నెల ఆగితే మళ్లీ చిగురిస్తుంది. కాండం మొక్కల్ని కట్టగా గుచ్చొద్దు. అడుగు రెండు కణుపుల ఆకులు తీసేసి, ఒక్కో కాడని అంగుళం ఎడంగా, ఏటవాలుగా నాటండి. గుత్తికి కట్టిన సీసపు పట్టీ తీసేయడం మర్చిపోవద్దు, కాండం నలిగి కుళ్లడం అక్కడే మొదలవుతుంది.

వీటిలో కొన్ని మన కాలువల్లోనే ఉంటాయి. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ డబ్బు పెట్టి కొననక్కర్లేదు. కానీ ఎక్కడ తీస్తున్నారో చూసుకోండి. రొయ్యల చెరువుల డ్రెయిన్లలో వద్దు. సార్వాకైనా దాళ్వాకైనా చేలకి మందు కొట్టే రోజుల్లో బోదెల్లో తీయొద్దు. పారే పెద్ద కాలువలో, చేల నీళ్లు కలవని చోట తీయండి. తెచ్చాక పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో, లీటరుకి 10 మిల్లీగ్రాముల చొప్పున, పది నిమిషాలు ముంచి, కడిగి, విడిగా ఒక టబ్బులో రెండు వారాలు ఉంచండి. జలగలు, తూనీగ పిల్లలు ఆ టబ్బులోనే బయటపడతాయి. తూనీగ పిల్ల ఒక్కటి తొట్టెలో చేరినా గప్పీ పిల్లలు ఒక్కొక్కటే మాయమవుతాయి, కారణం చాలా రోజులు అంతుపట్టదు. హైడ్రిల్లా మాత్రం ఒకసారి చేరితే వదలదు, ఆలోచించి వేయండి.

ఎరువు. మీరు పోసిన సీసాలో ఏముందో నాకు తెలియకపోయినా ఫలితం ఇలా రావడంలో వింత లేదు: మొక్కలు కరుగుతుంటే తినేవాళ్లు లేరు. కొత్త ఆకులు వచ్చేదాకా, సుమారు మూడు వారాలు, ఏమీ పోయకండి. చేపల మేతే చాలు. ఆ తర్వాత ఎరువుల షాపులో బిందుసేద్యం కోసం అమ్మే నీట కరిగే ఎరువులే వాడొచ్చు, అక్వేరియం సీసాల్లో ఉండే పోషకాలూ చాలావరకు ఇవే. 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. 0-0-50 పొటాషియం సల్ఫేట్. 19-19-19 మాత్రం తేవద్దు, అందులో నత్రజని కొంత యూరియా, అమ్మోనియా రూపంలో ఉంటుంది. మన నీళ్ల పీహెచ్‌లో అమ్మోనియా చేపలకి విషమే. యూరియా, డీఏపీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అర లీటరు ఆర్ఓ నీళ్ల సీసాలు మూడు తీసుకోండి. మొదటి సీసాలో 13-0-45 ముప్పై గ్రాములు, 0-52-34 ఐదు గ్రాములు. రెండో సీసాలో 0-0-50 ముప్పై గ్రాములు, ఇది నిదానంగా కరుగుతుంది, ఊపుతూ ఉండాలి. మూడో సీసాలో చీలేటెడ్ ఐరన్ (తుప్పుగా మారకుండా వేరే పదార్థంతో కట్టి ఉంచిన ఇనుము) 12 శాతంది ఐదు గ్రాములు. ఐరన్‌ని ఫాస్ఫేట్‌తో ఒకే సీసాలో కలిపితే రెండూ గడ్డకట్టి అడుక్కి దిగుతాయి, అందుకే వేరు. మీ 120 లీటర్లకి వారానికి ఒక్కో సీసాలోంచి 10 మిల్లీలీటర్లు. మొదటి రెండూ నీళ్లు మార్చిన రోజు, ఐరన్ మర్నాడు. ఈ మోతాదుకి నైట్రేట్ 3 పీపీఎం, ఫాస్ఫేట్ 0.6, పొటాషియం రెండు సీసాల్లోనూ కలిపి 4 పైన, ఐరన్ 0.1 పెరుగుతాయి. తక్కువ లైటు తొట్టెకి ఇంతే కావాలి. చేపలు ఎక్కువుంటే మొదటి సీసా సగం చేసి, రెండోది మాత్రం ఉంచండి. చేపల మేతలో నత్రజని, భాస్వరం వస్తాయి గానీ పొటాషియం అంతగా రాదు.

ఐరన్ కొనేటప్పుడు పాకెట్ మీద ఆ కట్టి ఉంచే పదార్థం ఈడీటీఏ అని ఉందో డీటీపీఏ అని ఉందో చూడండి. ఈడీటీఏ ఐరన్ పీహెచ్ 7 లోపల బాగుంటుంది, పైన తొందరగా విడిపోతుంది. మన నీళ్లకి డీటీపీఏ నయం. ఈడీడీహెచ్ఏ ఇంకా ఎక్కువ పీహెచ్‌కి తట్టుకుంటుంది గానీ నీళ్లని ఎర్రగా చేస్తుంది. చేలకి చల్లే మైక్రోన్యూట్రియెంట్ మిక్స్ పోయొద్దు, అందులో జింకు, రాగి మోతాదు నత్తలకీ చిన్న రొయ్యలకీ ఎక్కువ.

లోపం గుర్తుపట్టాలంటే ముందు పాత ఆకా, కొత్త ఆకా అన్నది చూడండి. పాత ఆకు మొత్తం పసుపైతే నత్రజని. పాత ఆకులో చిల్లులైతే పొటాషియం. పాత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే మెగ్నీషియం. కొత్త ఆకు పాలిపోయి ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము. కొత్త ఆకు వంకర తిరిగి చిన్నదైతే కాల్షియం. దెబ్బతిన్న ఆకు మళ్లీ బాగవదు, తర్వాత పుట్టేదాన్ని చూసి నిర్ణయించుకోవాలి.

ఆ నల్ల కుచ్చు సంగతి. అది బ్లాక్ బ్రష్ నాచు. నిజానికి ఎర్ర నాచుల జాతిది. నిలవ మేత, మురికి ఫిల్టర్, ఎగుడుదిగుడు కార్బన్ ఉన్నచోట ముదురు ఆకుల అంచుల్ని పట్టుకుంటుంది. వేలితో గీకితే రాదు. బాగా పట్టిన ఆకులు కత్తిరించి పారేయండి. రాళ్ల మీద, అనుబియాస్ మీద ఉన్నదానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. మందుల షాపులో దొరికేది మామూలుగా 6 శాతంది, వీడియోల్లో చెప్పే మోతాదులు 3 శాతానివి. ఈ తేడా చూసుకోక చేపల్ని చంపుకుంటారు. 6 శాతందైతే మీ తొట్టెకి ఒక రోజులో 15 మిల్లీలీటర్లు దాటకూడదు. ఫిల్టర్ ఆపి, సూది తీసేసిన సిరంజితో నాచుకి దగ్గరగా మెల్లగా వదిలి, పదిహేను నిమిషాలాగి ఫిల్టర్ వేయండి. రెండు మూడు రోజుల్లో కుచ్చు గులాబీ రంగులోకి తిరిగితే చచ్చినట్టు. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, మాస్ మొక్కల మీద పడనివ్వకండి, అవి తట్టుకోవు. లిక్విడ్ కార్బన్ అని అమ్మే సీసాలో ఉండేది గ్లూటరాల్డిహైడ్, అది కూడా వాలిస్నేరియాని కరిగిస్తుంది.

చెరువుల్లో నాచుకి వాడే మైలుతుత్తం తొట్టెలో వేయమని ఎవరైనా చెప్తే వినకండి. నత్తలు, రొయ్యలు పోతాయి, మొక్కలు దెబ్బతింటాయి, రాగి ఇసుకలో ఉండిపోతుంది.

నీలిపచ్చ తెరలా ఇసుక మీద పరుచుకుని, ఎత్తితే పొరలా లేచి, బురదవాసన కొడితే అది నాచు కాదు, సయనోబాక్టీరియా. దానికి పైపుతో పీల్చేసి, నీళ్లు మార్చి, మూడు రోజులు దుప్పటి కప్పి చీకట్లో ఉంచాలి. ఎయిర్ పంపు ఆడుతూనే ఉండాలి. కొత్త తొట్టెలో గోధుమరంగు దుమ్ము లాంటిది వస్తే పట్టించుకోకండి, దానంతటదే పోతుంది.

వేసవి. తొట్టె నీళ్లు 32, 33 డిగ్రీలకి వెళ్తే మొక్క తయారుచేసేదాని కంటే ఖర్చుపెట్టేది ఎక్కువవుతుంది, నీళ్లలో ఆక్సిజన్ పట్టు తగ్గుతుంది. 25 డిగ్రీల నీళ్లు లీటరుకి 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 32 దగ్గర 7.3 మాత్రమే. మూత తీసి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి ఉపరితలం మీదుగా ఏటవాలుగా పెట్టండి. నీరు ఆవిరయ్యి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మనది ఉక్కపోత ప్రాంతం కాబట్టి పొడి ఊళ్లవాళ్లు చెప్పేంత దిగదు. ఆవిరైన నీళ్ల స్థానంలో ఉత్త ఆర్ఓ పోయాలి. నీళ్లే ఆవిరవుతాయి, లవణాలు మిగిలిపోతాయి. బోరు నీళ్లతో నింపుతూ పోతే నెలలో మళ్లీ 1200కి చేరతారు. ఐసు ముక్కలు వేయొద్దు, గంటలో దిగి గంటలో ఎక్కే వేడి నిలకడ వేడి కంటే చెరుపు. రాత్రి కరెంటు పోతే అసలు ప్రమాదం అప్పుడే. చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజనే తీసుకుంటాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో ఎరువు సగం, లైటు 5 గంటలు, మేత పూటకి చిటికెడు.

ఇదే వేడి వల్ల ఈస్టు, పంచదార సీసాతో సీఓ2 తయారుచేసే పద్ధతి మన దగ్గర కుదరదు. 34 డిగ్రీల గదిలో ఈస్టు రెండు మూడు రోజులు పొంగి, ఆ తర్వాత చల్లబడుతుంది. ఆ ఎగుడుదిగుడే నల్ల కుచ్చుకి కావలసింది.

చివరగా సక్కర్ చేప. నాచు తింటుందని అంటగడతారు. పిల్లగా ఉన్నప్పుడు కొంచెం తింటుంది, పెరిగాక స్వోర్డ్ ఆకులు గీకుతుంది, అడుగు దాటి పెరుగుతుంది, పెంటతో తొట్టె నింపుతుంది. షాపులో తిరిగి తీసుకుంటారేమో అడగండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవాళ్లకి ఇవ్వండి. కాలువలో మాత్రం వదలకండి. ఇప్పటికే చేపల చెరువుల్లో చేరి రైతుల్ని ఏడిపిస్తోంది. కత్తిరించిన మొక్కలు కూడా కాలువలో పారేయకుండా ఎండబెట్టి కొబ్బరి చెట్టు పాదులో వేయండి, గుర్రపుడెక్క, తూడు తీయడానికే ఏటా మనుషులు చాలట్లేదు. నాచు కోసం ఏదైనా కావాలంటే గప్పీలు, మోలీలు కొంత గీకుతూనే ఉంటాయి, ఆ పైన నాలుగు నెరైట్ నత్తలు వేసుకోండి. మీ నీళ్లలో కాల్షియం ఉంటుంది కాబట్టి వాటి పెంకు గట్టిగా నిలుస్తుంది.

ల్యాబు రిపోర్టు వచ్చాక సెలినిటీ, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ అంకెలు పెట్టండి. సెలినిటీ 1 దాటితే ఆర్ఓ పాళ్లు మార్చాల్సి వస్తుంది.